ఫాస్ట్ ఐదు

పాత బట్టలకు కొత్త రంగు వేసే దుకాణం అది. ముందు గదిలో ఒక పొడుగు బల్ల, బల్ల వెనక కుర్చీ, కుర్చీలో పెద్దావిడ. వెనక గదిలో మూడు రంగుల గాబులు, ఒక పొయ్యి, నేల మధ్యలో నీళ్ళు పోయే తూము, గోడకు ఎత్తున ఒక చిన్న కిటికీ. ఆ గదిలో ఆవిరి మధ్య ఎప్పుడూ ఒక మనిషి కదులుతూ ఉండేవాడు. ఆయన చేతులు మోచేతుల దాకా ఏ రోజుకా రంగులో ఉండేవి కాబట్టి అందరూ ఆయన్ని రంగులాయన అనేవారు.

దుకాణం అన్నదమ్ములిద్దరూ కలిసి పెట్టింది. అన్న పోయి కొన్నేళ్ళయింది. ఆయన కూర్చున్న కుర్చీ భార్యకు వచ్చింది. ఆవిడే పెద్దావిడ. బయటి తిరుగుడంతా మరిది చూసుకుంటాడు. మరిది భార్య చిన్నావిడ ఇస్త్రీ బల్ల దగ్గర నిలబడుతుంది. నిలబడి నిలబడి చిన్నావిడకు మోకాళ్ళు పట్టేస్తాయి. పట్టేసినప్పుడల్లా ఆవిడ చూపు ఆ కుర్చీ మీదికి పోతుంది. ఈ సంగతి పెద్దావిడకు తెలుసు. తెలిసినట్టు పైకి కనిపించదు.

రంగులాయన వేరే దేశం మనిషి. చెయ్యి మంచిది, మాటే తక్కువ. మన మాటలు ఆయనకు ఒక గుప్పెడు వచ్చు: నీళ్ళు, ఉప్పు, వద్దు, చాలు, ఒకటి నుంచి పది దాకా అంకెలు, రోజూ చెవిన పడే అడిగారు, ఇచ్చారు లాంటివి కొన్ని. ఆయన మాట మాత్రం వీళ్ళలో ఎవరికీ ఒక్కటి కూడా రాదు. మధ్యలో ఖాళీ ఉన్నచోట ఎవరికి వారు తమకు తెలిసిన ఇంగ్లీషు ముక్కలు వేసి పూడ్చుకునేవారు. ఆ ముక్కల్లో ఎక్కువగా తిరిగేది ఒకటే ముక్క, ఫాస్ట్.

ఆ ఒక్క మాటతో దుకాణంలో సగం పని నడిచేది. పని తొందరగా కావాలంటే ఫాస్ట్. ఉతికినా పోని రంగు ఫాస్ట్ రంగు. గడియారం ముందుకు పోతే ఫాస్ట్. ఎవరైనా అమ్మాయి కాస్త చురుగ్గా ఎదురు సమాధానం చెబితే, "అబ్బో, చాలా ఫాస్టుగా ఉందే" అనేది చిన్నావిడ. ఆవిడకే నెలకోసారి షుగరు పరీక్ష. "రేపు పొద్దున నాకు ఫాస్టింగు, నా ముందు ఎవరూ ఏమీ నమలకండి" అని ముందురోజే చాటింపు వేసేది.

రంగులాయన కూడా ఆ మాట వాడేవాడు. కాస్త పొట్టిగా, తుంచినట్టు పలికేవాడు. మన మాటల్ని కూడా అలాగే తుంచుతాడు కదా అని ఎవరూ పట్టించుకోలేదు.

ఆయనతో ఒకటే చిక్కు. తొందరపెడితే తొందరపడడు. ముందు గదిలోంచి పెద్దావిడ "ఫాస్ట్, ఫాస్ట్" అని కేకేస్తే, వెనక నుంచి ఆయన నవ్వుమొహంతో "ఫాస్ట్, ఫాస్ట్" అని తిరిగి అనేవాడు. చెయ్యి మాత్రం అదే నడక.

"మనల్ని వెక్కిరిస్తున్నాడక్కా" అనేది చిన్నావిడ.

"వెక్కిరించే మొహమా అది? చెవి కాస్త మందమేమో."

"మనకు కావలసినప్పుడే మందం. భోజనానికి పిలిస్తే వీధి చివర నుంచి వినిపిస్తుంది."

ఇంకో చిక్కు గడియారంతో. అది పెద్దావిడ కుర్చీ వెనక గోడకు, తలకు పైన ఉండేది. కూర్చుంటే ఆవిడకు కనిపించదు. వెనక గది గుమ్మంలోంచి రంగులాయనకు తిన్నగా కనిపిస్తుంది. అందుకని, ఐదింటికి దుకాణం మూస్తారు కాబట్టి, సాయంత్రం పూట ఆవిడ మెడ తిప్పకుండానే అడిగేది.

"టైమెంతయిందండీ?"

ఆయన ఒకసారి తల ఎత్తి చూసి, "ఫాస్ట్ ఐదు" అనేవాడు.

మళ్ళీ ఫాస్టుగా పోతోంది పాడు గడియారం అనుకుని, ఆవిడ ముక్కాలి పీట వేసుకుని ఎక్కి ముల్లును కాస్త వెనక్కి తిప్పేది. ఈ పని ఎవరితోనూ చెప్పలేదు. చెప్పేంత పెద్ద పని అని ఆవిడకు అనిపించలేదు. పొద్దున్నే మరిది వచ్చి, గడియారం వెనకబడిందని గొణుక్కుంటూ ముందుకు తిప్పేవాడు. బ్యాటరీ మార్చాడు. తర్వాత గడియారాన్నే బాగుచేసేవాడి దగ్గరికి తీసుకెళ్ళాడు. దీనికి ఏ జబ్బూ లేదని వాడు తిప్పి పంపాడు.

"దీనికీ నాలాగే షుగరు తగ్గుతోంది సాయంత్రానికి" అంది చిన్నావిడ.

ఇలా ఉండగా ఒక డాన్సు టీచరు పిల్లల గౌన్లు తెచ్చి బల్ల మీద కుప్ప పోసింది. తెల్లటి నూలు గౌన్లు, అన్నిటికీ ఆకుపచ్చ రంగు వెయ్యాలి. శనివారం ఆరుబయట ప్రదర్శన. "రంగు దిగకూడదండీ. పిల్లలకు తెల్ల మేజోళ్ళు వేస్తున్నాం" అని ఒకటికి రెండుసార్లు చెప్పి వెళ్ళింది.

రంగులాయన గౌన్లను ఉడికించి, రంగులో ముంచి, తీసి, వెనక గదిలో తీగ మీద వరసగా ఆరేశాడు. చిగురు మీది ఆకుపచ్చ. చిన్నావిడ కూడా వంక పెట్టలేకపోయింది. శుక్రవారం మధ్యాహ్నం టీచరు అడిగిన వేళకంటే ముందే వచ్చి బల్ల దగ్గర నిలబడి వేళ్ళతో తాళం వేస్తోంది. రంగులాయన అప్పుడే పై కోటు తొడుక్కుని ఉప్పు బస్తా తేవడానికి బయలుదేరుతున్నాడు.

పెద్దావిడ తీగ వైపు చెయ్యి చూపించి అడిగింది. "ఫాస్టేనా?"

"ఫాస్ట్" అన్నాడాయన. తల కూడా ఊపాడు. ఊపి వెళ్ళిపోయాడు.

ఇంకేం కావాలి? గౌన్లు తీగ మీంచి దిగాయి, చిన్నావిడ ఇస్త్రీ చేసింది, పెద్దావిడ కాగితంలో చుట్టి టీచరు చేతిలో పెట్టింది. రంగులాయన ఉప్పు బస్తా భుజాన వేసుకుని తిరిగొచ్చేసరికి తీగ ఖాళీగా ఉంది. ఆయన తీగను చూశాడు, పెద్దావిడను చూశాడు.

"ఇచ్చేశాం. టీచరు పట్టుకెళ్ళింది" అందావిడ సంతోషంగా.

ఆయన రెండు చేతులూ పైకెత్తి తన భాషలో ఏదో అన్నాడు. శభాష్ అంటున్నాడనుకుంది పెద్దావిడ.

శనివారం వాన పడింది. పెద్ద వాన కూడా కాదు, తలలు తడిపి పోయే జల్లు. సోమవారం దుకాణం తెరిచేసరికి టీచరు గుమ్మంలో ఉంది. చేతిలో గౌన్ల మూట, మూట మీద ఒక జత మేజోళ్ళు. అవి మడమ దాకా ఆకుపచ్చ.

"కాళ్ళు కూడా ఇలాగే అయ్యాయండీ. ఒక్క పిల్ల కాదు, అందరూ. రుద్దినా పోవట్లేదట. ఒక తల్లి నాకు ఫోను చేసి, 'మేం చిలకల్ని కన్నామని ఇన్నాళ్ళూ తెలియలేదు టీచర్' అంది. నేనేం చెప్పను?"

మరిది ఆవిడకు కుర్చీ వేసి, మంచినీళ్ళిచ్చి, గౌన్లన్నీ మళ్ళీ చేసి ఇస్తామని ఒప్పించి పంపాడు. పంపాక తలుపు దగ్గరగా వేసి, వెనక్కి తిరిగాడు.

"ఎవరి పని ఇది?"

పెద్దావిడకు జవాబు సిద్ధంగా ఉంది. "నేను అడిగే ఇచ్చాను. ఆయన్నే అడుగు."

రంగులాయన్ని పిలిచారు. ఆయన చేతులు తుడుచుకుంటూ వచ్చి మేజోళ్ళను చూసి నాలుక చప్పరించాడు.

"శుక్రవారం నేను మిమ్మల్ని ఏమడిగాను? ఫాస్టేనా అని అడిగానా లేదా?" అంది పెద్దావిడ.

"అడిగారు."

"మీరేమన్నారు?"

"ఫాస్ట్."

"విన్నావా అబ్బాయీ? ఆయన నోటితోనే విన్నావు కదా."

రంగులాయన కూడా మరిది వైపే తిరిగాడు. ఆయన మొహంలో తప్పు చేసినవాడి బెదురు లేదు, గెలిచినవాడి నిబ్బరం ఉంది. "నేను అన్నాను. ఫాస్ట్ అన్నాను. ఆవిడ ఇచ్చారు."

"అవునయ్యా, ఫాస్ట్ అన్నావు కాబట్టే ఇచ్చింది" అన్నాడు మరిది.

"ఫాస్ట్ అన్నాను" అన్నాడాయన మళ్ళీ, ఈసారి మాట మాటకీ అరచేత్తో బల్ల మీద తడుతూ. "ఫాస్ట్. ఎందుకు ఇచ్చారు?"

చిన్నావిడ ఇస్త్రీ పెట్టె నిలబెట్టి ఇద్దర్నీ మార్చి మార్చి చూసింది. "ఇద్దరూ ఒకే మాట మీద ఉన్నారు. మరి గొడవెక్కడుందండీ?"

"నువ్వు కాస్త ఊరుకో" అన్నాడు మరిది.

"ఊరుకుంటాను. కానీ అడిగిందీ అక్కే, ఇచ్చిందీ అక్కే. నేనా కుర్చీలో ఉంటే ఒక్కటైనా తడిపి చూసి ఇచ్చేదాన్ని. అదొక్కటీ చెప్పి ఊరుకుంటాను."

మాట గుచ్చుకోవలసిన చోటే గుచ్చుకుంది. పెద్దావిడ గొంతు పెరిగింది. "ఇన్నేళ్ళూ ఆయన మాట మీదే ఇస్తున్నాం, ఎప్పుడైనా పోయిందా? ఈసారి పని ఎగ్గొట్టి ఫాస్టన్నాడు. ఇప్పుడు అడిగితే నా మీదికి తోస్తున్నాడు. మొహం మీదే అబద్ధం."

అబద్ధం అనే మాట రంగులాయనకు వచ్చిన గుప్పెడు మాటల్లో లేదు. అయినా అర్థమైంది. వెనక గదిలోకి వెళ్ళిపోయాడు.

మరిది బల్ల మీది మేజోళ్ళను మూట మీదికి తోశాడు. "ఇంకో మనిషిని చూస్తాను వదినా. ఈ శుక్రవారం దాకా ఉండమని చెబుతాను. మాట మీద నమ్మకం లేకపోతే రంగుల పని చెయ్యలేం. మీరు ఆయనకు చెప్పక్కర్లేదు, నేనే చెబుతాను" అన్నాడు.

పెద్దావిడ సరే అంది. న్యాయం జరిగిందనే అనుకుంది. కానీ ఆ మధ్యాహ్నం భోజనానికి కూర్చుంటే అదే తిరిగి తిరిగి గుర్తొచ్చింది. అబద్ధమాడినవాడు తలదించుకోవాలి. ఈయన బల్ల మీద తట్టి మరీ చెబుతున్నాడేమిటి? దొంగతనం చేసి, చేశాను చేశాను అని ఎవరైనా గర్వంగా చెప్పుకుంటారా?

ఆ వారమంతా ఇద్దరి మధ్యా మాటల్లేవు. పనికి కావలసినవి చేతులతో చూపించుకునేవారు. రంగులాయన తన గరిటెలు, కొలత గిన్నెలు కడిగి ఒక చెక్కపెట్టెలో సర్దుకుంటున్నాడు. ఎవరి కోసమో అన్నట్టు గాబుల్ని కూడా తోమాడు. ఆయన వయసు మనిషికి మళ్ళీ పని దొరకడం ఎంత కష్టమో పెద్దావిడకు తెలియనిది కాదు. అటువైపు చూడకుండా ఉండటానికి ఆవిడ బల్ల సొరుగులన్నీ ఖాళీ చేసి మళ్ళీ నింపింది.

గురువారం మధ్యాహ్నం ఆవిడ నేల తుడవడానికి నీళ్ళు కావలసి, బకెట్టును వెనక గది కుళాయి కింద పెట్టి వచ్చింది. కుళాయి ధార సన్నం, నిండటానికి ఎంతసేపైనా పట్టొచ్చు. కాసేపాగి, ఎవర్ని అడుగుతున్నదీ మరిచిపోయి, కుర్చీలోంచే కేకేసింది.

"నిండిందా?"

"ఫాస్ట్" అని వినిపించింది.

ధార పెరిగినట్టుంది, నీళ్ళు పొర్లిపోతున్నాయనుకుని ఆవిడ చీపురు పడేసి పరుగెత్తింది. వెళ్ళి చూస్తే నీళ్ళు పొర్లడం లేదు. ధార అదే సన్నం. బకెట్టు నిండటానికి ఇంకా నాలుగు వేళ్ళ వెలితి ఉంది. రంగులాయన పక్కన నిలబడి, కుళాయి మీద చెయ్యి వేసి చూస్తున్నాడు.

"నిండలేదుగా. ఫాస్టన్నారేం?"

ఆయన ఆవిడ మొహంలోకి చూశాడు. తర్వాత బొటనవేలూ చూపుడువేలూ దగ్గరగా తెచ్చి, మధ్యలో ఇంత సందు ఉంచి చూపించాడు. ఇది కూడా తెలియదా అన్నట్టు, "ఫాస్ట్" అన్నాడు. నీళ్ళు అంచు దాకా వచ్చాయి. కుళాయి కట్టేసి, మన మాటలో, "నిండింది" అన్నాడు.

పెద్దావిడ బకెట్టు తియ్యలేదు. ఆయన వేళ్ళ మధ్య సందు వైపే చూస్తూ నిలబడింది. ఆయన ఇంకా వేళ్ళు దించలేదు. ఆవిడ మెల్లగా గుమ్మంలోకి నడిచి, అక్కడ నిలబడి, ముందు గదిలో తన కుర్చీ పైన ఉన్న గడియారాన్ని చూసింది. మూడు కావడానికి ఇంకో రెండు నిమిషాలు ఉన్నాయి. ఆవిడ దాని వైపు వేలు చూపించి, గొంతు తగ్గించి అడిగింది.

"టైమెంతయిందండీ?"

ఆయన తొంగి చూసి చెప్పాడు. "ఫాస్ట్ మూడు."

"ఫాస్ట్ అంటే... ఇంకా కాలేదనా?"

"ఇంకా" అన్నాడాయన. ఆ మాట ఆయనకు వచ్చు, తల ఊపాడు. వేళ్ళ మధ్య సందును ఇంకాస్త దగ్గర చేశాడు. "ఫాస్ట్. నా ఇంటి మాట. అమ్మ మాట. మీరూ అంటారు కదా రోజూ?"

పెద్దావిడకు ఒక్కొక్కటే తెలిసొచ్చింది. ఆయన దేశంలో ఫాస్ట్ అంటే దాదాపు అని. అయిందనిపించేంత దగ్గర, కానీ ఇంకా కాలేదు. ఈ ఇంట్లో పొద్దుగూకులూ అదే మాట వినపడుతుంటే తన మాట వీళ్ళకూ ఉందనుకున్నాడు పాపం. ఆవిడ ఫాస్ట్ ఫాస్ట్ అని తరిమినప్పుడల్లా, దాదాపు అయిపోయింది, అయిపోయింది అని ఎవరో వెన్ను తడుతున్నారనుకున్నాడు. అందుకే ఆ నవ్వుమొహం. గౌన్లు ఫాస్టేనా అంటే, దాదాపు అయ్యాయి, రంగు నిలబడే మందునీళ్ళలో ఇంకొక్క ముంచు ఉంది, ఆ ఉప్పు కోసమే పోతున్నాను అన్నాడు. వచ్చి చూస్తే తీగ ఖాళీ. ఆ చేతులెత్తడం శభాష్ అనడం కాదు.

ఇంతవరకూ తేలిగ్గానే ఉంది. ఆ తర్వాత ఆవిడకు గడియారం గుర్తొచ్చింది. పీట గుర్తొచ్చింది. ఎన్ని సాయంత్రాలు ఎక్కిందో, ఎన్నిసార్లు తిప్పిందో. ఇదంతా చెబితేగానీ మరిది నమ్మడు. చెబితే చిన్నావిడకు జన్మంతా చెప్పుకోవడానికి ఒక కథ దొరుకుతుంది. ఇక ఆ కుర్చీ సంగతి చెప్పనే అక్కర్లేదు. చెప్పకపోతే రేపు సాయంత్రం ఈ మనిషి తన చెక్కపెట్టె పట్టుకుని వెళ్ళిపోతాడు.

మరిది వచ్చేదాకా ఆవిడ బకెట్టు నీళ్ళు ముట్టుకోలేదు.

"అబ్బాయీ, ఇలా రా. అమ్మాయ్, నువ్వూ ఆ పెట్టె పక్కన పెట్టి రా. ఎటూ నీకు తెలియకుండా ఉండదు, నా నోటితోనే విను."

బకెట్టు సంగతి చెప్పింది. రంగులాయన చేత వేళ్ళు చూపించింది. మరిది నుదురు చిట్లించి, "మాటంటే మాటే కదా వదినా. ఇప్పుడు తప్పించుకోవడానికి ఏదో అర్థం అల్లాడేమో" అన్నాడు.

"అల్లలేదు. నా దగ్గర సాక్ష్యం ఉంది" అంది పెద్దావిడ. తల పైకెత్తకుండా వేలు మాత్రం గడియారం వైపు చూపించింది. "దానికి జబ్బేమీ లేదు. నేనే తిప్పుతున్నాను. సాయంత్రం టైమడిగితే ఆయన ఫాస్ట్ ఐదు అంటాడు. గడియారం ఫాస్టుగా ఉందంటున్నాడనుకుని పీటెక్కి వెనక్కి తిప్పేదాన్ని. ఆయన చెప్పింది దాదాపు ఐదని. ఒక్కరోజు మాట కాదు అబ్బాయీ, ఎప్పటినుంచో ఇదే మాట. అప్పుడు అల్లాల్సిన అవసరం ఏముంది ఆయనకి?"



ముందుగా చిన్నావిడకు తెలిసొచ్చింది. "అంటే అక్కా, ఇన్నాళ్ళూ మనం రోజూ ఐదు దాటాక కూడా పని చేస్తూనే ఉన్నామన్నమాట. నా మోకాళ్ళు ఊరికే పట్టేస్తున్నాయి అనుకున్నాను."

"అనవే అను. పడటానికే కూర్చున్నాను."

"నేనేమంటాను? బాగుచేసేవాడి ముందు మీ మరిది ఎంత గొడవ పెట్టుకున్నారో మీకు తెలియదు. వీడికి పని రాదు అని వీధంతా వినబడేలా అరిచి వచ్చారు."

మరిది చెవులు ఎర్రబడ్డాయి. నవ్వు ఆపుకోవడానికి రంగులాయన వైపు తిరిగి, మీ ఇంట్లో త్వరగా అనడానికి ఏమంటారని అడిగాడు. ఆయనేదో అన్నాడు. ముగ్గురూ పలకబోయి ముగ్గురూ మూడు రకాలుగా పలికారు. ఆయన మొదటిసారి పళ్ళు కనిపించేలా నవ్వాడు.

"పెట్టె విప్పి సామాను బయట పెట్టుకోండి" అన్నాడు మరిది. అర్థం కాలేదేమోనని తనే వెళ్ళి పెట్టె మూత తెరిచి, ఒక గరిటె తీసి ఆయన చేతిలో పెట్టాడు. తర్వాత వదిన వైపు చూడకుండా, బల్ల అంచు గోటితో గీరుతూ, "వదినా, ఇకమీద మాట మీద ఇవ్వొద్దు. అన్నయ్య ఉన్నప్పుడు తడి గుడ్డ రుద్ది చూసేవాడు, గుర్తుందా? ఎవరో ఒకరు వెనక నిలబడి అది చూడాలి. ఆయనకీ మనకీ మధ్య మాట కూడా కుదరాలి" అన్నాడు.

ఎవరో ఒకరంటే ఎవరో పెద్దావిడకు తెలుసు. ఆవిడ లేచి, కుర్చీ మీద పరుచుకునే తన చిన్న మెత్తను తీసి చంకలో పెట్టుకుంది.

"కూర్చోవే. చలవగా ఉంటుంది, గాలి తగులుతుంది" అంది చిన్నావిడతో.

చిన్నావిడ వెంటనే కూర్చోలేదు. "మెత్త లేకుండానా?" అంది. అన్నాక కూర్చుంది.

వెనక గదిలో ఆకుపచ్చ గౌన్లు మళ్ళీ గాబులోకి దిగాయి. ఈసారి మందునీళ్ళలో కూడా మునిగాయి. నీళ్ళలో రంగు కనపడనంతవరకూ జాడించారు. రంగులాయన ఒక గౌను అంచు పట్టుకుంటే, పెద్దావిడ తెల్లటి తడి గుడ్డతో దాన్ని గట్టిగా రుద్ది వెలుతురులో పెట్టి చూసింది. గుడ్డ తెల్లగానే ఉంది.

"గట్టి" అంది ఆవిడ, ఆ మాట ఆయనకు నేర్పుతూ.

"గట్టి" అన్నాడాయన, తుంచి. తర్వాతి గౌను తీశాడు. దాన్ని రుద్దితే గుడ్డ మీద ఊదినట్టు లేత ఆకుపచ్చ పడింది. ఆయన వేళ్ళ మధ్య సందు చూపించాడు. ఆవిడ దాన్ని తిరిగి మందునీళ్ళలో వేసింది.

ముందు గదిలో చిన్నావిడ కాళ్ళు చాపుకుని కూర్చుంది. గడియారం ఆవిడ తలకు పైన ఉంది. కూర్చుంటే కనపడదు.

"టైమెంతయిందండీ?" అంది మెడ తిప్పకుండానే.

"ఫాస్ట్ ఐదు" అన్నాడు రంగులాయన.

చిన్నావిడ పీట కోసం వెతకలేదు. "అయితే ఇంకో రెండు గౌన్లు చూసెయ్యండి అక్కా" అంది.

పెద్దావిడ చేతిలోని గుడ్డను పిండుతూ గుమ్మంలోంచి చూసింది. ఐదు కావడానికి మూడు నిమిషాలు ఉన్నాయి. ఇక్కణ్ణించి గడియారం ఆవిడకూ కనిపిస్తుంది.